పోర్టు నంబరు

"పోర్టు ఏటని అడుగుతోంది బాబూ,
విశాఖని కొట్టీమంటావా, గంగవరమా?"
రాత్రి పదకొండున్నరకి ఫోన్లో గరికిన పైడమ్మ గారు.
చేపల రేవులో ఐసు లెక్కలు రాసే మనిషి.
నేను నవ్వలేదు.
నవ్వాను గానీ, ఫోను దూరంగా పెట్టి నవ్వాను.
"అంకె అండీ. ఎనిమిది, సున్నా, ఎనిమిది, సున్నా.
రేవు కాదు, గుమ్మం."

పగలు వేబ్రిడ్జి దగ్గర నా కొలువు.
బొగ్గు లారీ ఎక్కుతుంది, దిగుతుంది,
ఖాళీ బరువు తీసేస్తే మిగిలిందే సరుకు.
రాత్రి కంచరపాలెంలో, బ్యాటరీల కొట్టు మీది గదిలో,
ఎంత కడిగినా గోళ్లలో మిగిలే మసితో
ప్రాక్సీ పెట్టుకోవడం ఎలాగో
కొత్తవాళ్ల కోసం తెలుగులో రాస్తుంటాను.
జీతం లేదు. రాయమని ఎవరూ అడగలేదు కూడా.
మా సుభాషిణి లెక్కలో ఇది
కొందరికి పేకాట ఉన్నట్టు.

మొదటి మెట్టు, సెట్టింగ్స్ తెరవండి.
ఆ ఒక్క ముక్కకి మూడు రాత్రులు పట్టింది.
పళ్లచక్రం బొమ్మ నొక్కండి అని రాస్తే
"ఏ పళ్లండీ, బత్తాయిలా?" అని మల్కాపురం నుంచి ఒకాయన.
కొట్టేసి, సైకిలు గేరు అని రాశాను.
సైకిలు ఎక్కడుందని ఇంకా ఎవరూ అడగలేదు.

అసలు ప్రాక్సీ అంటే ఏమిటో చెప్పడమే కష్టం.
మొదట్లో పెద్ద పెద్ద మాటలు వాడాను,
చదివినవాళ్లు మర్యాదగా తప్పుకున్నారు.
తర్వాత వీధి కుళాయి వరస గుర్తొచ్చింది.
మనం పొయ్యి దగ్గర ఉన్నా
మన బదులు నిలబడుతుంది బిందె,
కుళాయికి కనిపించేది దాని మూతే, మన మొహం కాదు.
పైడమ్మ గారు కాసేపు ఆగి,
"మరి బిందే నీళ్లు తాగీస్తేనో?"

ఎనిమిదేళ్లలో ఎవరూ వెయ్యని ప్రశ్న.
తాగగలదు, అన్నాను.
అందుకే బ్యాంకు సంగతులు దానిచేత మోయించకండి.
ఊరికే ఇస్తానన్నవాడి బిందె అయితే
అడుగు చూసి మరీ ఎత్తుకోండి.

ఆవిడకి చెప్పనిది ఒకటుంది.
పాలిటెక్నిక్‌లో నలభై మూడు నంబరు దేముడుది.
వాడు తెల్లారగట్ల ఐసు దిమ్మలు మోసి
క్లాసు వేళకి ఎక్కడో ఒరిగి నిద్రపోయేవాడు.
ఏడాదంతా వాడి బదులు నేనే,
గొంతు కొంచెం బొంగురు చేసి,
"ప్రెజెంట్ సార్."
ఒక సోమవారం చెప్పాపెట్టకుండా వాడే వచ్చాడు,
ఇస్త్రీ చొక్కా, తడి క్రాపు.
నలభై మూడు, అన్నారు సారు.
ఇద్దరం పలికాం.
సారు తల ఎత్తి నా వైపు చూడనైనా లేదు,
వాణ్ణి చూసి అన్నారు,
"నువ్వెవరు?"
క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు.
మర్నాటి నుంచి రాలేదు.
పరీక్షలదాకా నా నోరు మాత్రం హాజరు పలుకుతూనే ఉంది,
ఎలా ఆపాలో తెలియక.

అందుకే ఏ పాఠం రాసినా
పెట్టుకోవడం కంటే ముందు
తీసేయడం రాస్తాను.
సుభాషిణి అంటుంది, వండకముందే అంట్లు తోమినట్టుందని.

"సేవ్ నొక్కండి పైడమ్మ గారూ."
అవతల ఐసు మర పళ్లు కొరుకుతోంది,
ఎవరో మూడో నంబరు బోటుకి ఇరవై దిమ్మలని కేకేస్తున్నారు.
"తెరుసుకుంది బాబూ!"
ఏం తెరుచుకుందో నేను అడగను,
ఎవరినీ అడగను.
ఆవిడే అడిగింది.
"ఇప్పుడు ఈ డబ్బా దృష్టిలో నానెక్కడున్నట్టు?"
"సింగపూర్‌లో అండీ."
చాలాసేపు మర చప్పుడే.
"సింగపూరా...
మరి నా కాళ్ల కింద ఈ ఐసు నీళ్లేటి?"